వినపడని వారు మాట నేర్పగలరా?

స్వర్ణోత్సవ సంచిక అనగానే ప్రార్థన గంట, మధ్యాహ్నపు సద్ది గిన్నె, లెక్కల సారు బెత్తం గుర్తుకొస్తాయి. వాటి మీద రాసే మిత్రులు ఈ సంచికలో చాలామందే ఉంటారు. వారి జ్ఞాపకాలు చదవడం నాకూ ఇష్టమే. నాకిచ్చిన పేజీలను మాత్రం ఒక ప్రశ్న చరిత్ర చెప్పడానికి వాడుకుంటాను. చెవులు సరిగా వినపడని మనిషి స్పీచ్ థెరపిస్టుగా, అంటే మాట నేర్పే, మాట సరిదిద్దే వృత్తిలో పనిచేయగలరా?

ప్రశ్న వినగానే నవ్వు రావడం సహజం. చెవిటివాని ముందు శంఖం ఊదడం మన సామెతల్లో వ్యర్థమైన పనికి గుర్తు. అలాంటిది చెవిటివారే శంఖం ఊదడం నేర్పుతామంటే ఎవరు నమ్ముతారు? కాని ఇది హాస్యానికి పుట్టిన ప్రశ్న కాదు. రెండు వందల ఏళ్ళకు పైగా పండితులు దీని మీద తగవులాడారు. ఒక సభ చేసిన తీర్మానంతో ఎందరో మంచి ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. మన వికారాబాద్, తాండూరు పిల్లలకూ ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. అదెలాగో ముందు చెబుతాను.

మన ఊళ్ళలో వినికిడి

తాండూరు పేరు చెబితే బయటివారికి రెండు గుర్తుకొస్తాయి: నాపరాయి, కందిపప్పు. మన కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక రాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర నిలబడ్డవారికి తెలుసు, అక్కడ పక్కమనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఇంజనీరును కనుక ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. మనం ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. కర్మాగారాల నిబంధనల్లో రోజుకు 8 గంటల పనికి పెట్టిన పరిమితి 90. అరవైకీ తొంభైకీ తేడా ఒకటిన్నర రెట్లే అనుకుంటే పొరపాటు. డెసిబెల్ లెక్కలో ప్రతి పదికీ శక్తి పది రెట్లు పెరుగుతుంది. అంటే తేడా వెయ్యి రెట్లు. అంతటి మోతలో చెవులకు ఏ రక్షణా లేకుండా ఏళ్ళ తరబడి పనిచేసేవారికి మొదట సన్నని శబ్దాలు పోతాయి. 'స', 'శ' వంటివి అందవు. మనుషుల అరుపు వినపడుతుంది, మాట అర్థం కాదు. ఇంట్లోవాళ్ళు "మా నాయినకు వినబుద్ధి కాదు" అనుకుంటారు.

వికారాబాద్ వైపు వస్తే అనంతగిరి. ఆ గుట్టల గాలికే అక్కడ క్షయ రోగుల ఆస్పత్రి వెలిసింది. క్షయకూ చెవికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. 1943లో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ ప్రపంచమంతటా లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపింది. అయితే ఆ మందుకూ, దాని జాతికే చెందిన కనమైసిన్ వంటి వాటికీ లోపలి చెవిని దెబ్బతీసే గుణం ఉంది. మొండి క్షయకు సూదిమందులు తగ్గించి నోటిమాత్రల వైపు మళ్ళాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈమధ్య చెప్పడానికి ఈ చెవుడు కూడా ఒక ముఖ్య కారణం. వీటికి తోడు మన తెలుగునాట మేనరికాలు ఉన్నాయి. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే చెవుడుకు అవకాశం ఎక్కువ.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పేద పిల్లలకు కూడా కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. లక్షల ఖరీదు చేసే పరికరం చేనేత కార్మికుడి బిడ్డకు, రాళ్ళ కూలీ బిడ్డకు అందడం చిన్న విషయం కాదు. కాని ఆపరేషన్ కొన్ని గంటల పని, ఆ తరువాత మాట నేర్పడం ఏళ్ళ పని. వారం వారం థెరపీకి తిప్పాలి. తాండూరు నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్ల పైమాటే. వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాదుకు నిజాం కాలంలో పడ్డ రైలు మార్గం 1874 నుంచి ఉంది. రైలుంది కదా అని తల్లి ప్రతి వారం ఒక రోజు కూలి వదులుకుని బిడ్డను తీసుకుపోగలదా? కొందరు మధ్యలోనే మానేస్తారు. అప్పుడు పిల్లవాడి తలలో పరికరం ఉంటుంది, నోట మాట ఉండదు.

కాబట్టి మనకు కావలసింది దగ్గరలో ఉండే థెరపిస్టులు. ఆ పనికి ఎవరు అర్హులు, ఎవరు కారు అన్నది ఊసుపోని చర్చ కాదు.

మొదటి బధిర గురువులు

చెవిటి పిల్లలకు మాట నేర్పవచ్చని యూరప్‌లో మొదట చూపినవారిలో 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసి పెడ్రో పొన్సె ద లియోన్ ఒకరు. ఆయన సంపన్న కుటుంబాల పిల్లలకే నేర్పారు. బీదసాదలకు బడి పెట్టిన ఘనత పారిస్ మతగురువు అబ్బే ద లెపేది. 1760 ప్రాంతంలో ఆయన మొదలుపెట్టిన బడిలో చదువు సంజ్ఞల ద్వారా సాగింది. అదే కాలంలో, 1778లో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో శామ్యూల్ హైనికే మరో బడి పెట్టారు. సంజ్ఞలు వద్దు, నోటిమాటే నేర్పాలి అన్నది ఆయన పట్టుదల. ఈ రెండు దారుల తగవు అక్కడ మొదలై ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

పారిస్ బడిలో చదివిన బధిరులే తరువాత అక్కడ ఉపాధ్యాయులయ్యారు. ఝాన్ మాస్యూ, ఆయన శిష్యుడు లోరాన్ క్లెర్క్ వారిలో ప్రసిద్ధులు. అమెరికా నుంచి థామస్ గాలాడెట్ అనే యువకుడు బధిర విద్య నేర్చుకోవడానికి పారిస్ వచ్చి, క్లెర్క్‌ను తనతో రమ్మని కోరాడు. 1816లో ఇద్దరూ ఓడెక్కారు. మరుసటి ఏడాది, 1817లో, హార్ట్‌ఫర్డ్‌లో అమెరికా తొలి శాశ్వత బధిర పాఠశాల తెరిచారు. దానిని నిలబెట్టిన వారిలో ఒకరు ఏమీ వినపడని మనిషి అని గుర్తుంచుకోవాలి.

క్లెర్క్ కథలో మరొక ముక్క ఉంది. చిన్నప్పుడు ఆయనకు మాట నేర్పిన ఒక ఉపాధ్యాయుడు అక్షరం సరిగా పలకలేదని గడ్డం మీద కొట్టగా నాలుక తెగినంత పనైందట. ఆ తరువాత ఆయన మాట నేర్చుకోవడమే మానేశారు. కొట్టిన ఉపాధ్యాయుడికి చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మాట నేర్పడానికి చెవులొక్కటే చాలవన్నదానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1870 ప్రాంతంలో అమెరికా బధిర పాఠశాలల్లో ఉపాధ్యాయుల్లో సుమారు 40 శాతం మంది తామూ బధిరులే.

మిలాన్ తీర్మానం

1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్య మీద అంతర్జాతీయ సభ జరిగింది. 164 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో బధిరుడు ఒకే ఒక్కడు, అమెరికాకు చెందిన జేమ్స్ డెనిసన్. సంజ్ఞల కంటే నోటిమాటే మేలని, బడుల్లో మాట పద్ధతినే వాడాలని ఆ సభ భారీ మెజారిటీతో తీర్మానించింది.

తీర్మానంలో బధిర ఉపాధ్యాయులను తీసేయండి అని రాయనక్కర లేకపోయింది. చదువంతా నోటిమాట మీదే నడవాలంటే, నోటిమాట విననివాడు గురువుగా పనికిరాడన్న అర్థం దానంతటదే వచ్చింది. దేశం తరువాత దేశంలో బధిర ఉపాధ్యాయులకు తలుపులు మూతపడ్డాయి. 1917 నాటికి అమెరికాలో వారి వాటా సుమారు 15 శాతానికి పడిపోయింది. ఎవరి పాఠం ఎలా ఉంది, పిల్లలకు ఎంత వచ్చింది అని పరీక్షించి తీసేసింది కాదు ఇది. ఆ పని చెవులున్నవారిదే అని ముందే అనుకుని తీసేసింది.

ఈ కాలంలోనే మనకందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి రంగంలోకి వస్తారు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ అసలు వృత్తి బధిరులకు మాట నేర్పడమే. ఆయన తల్లికి వినపడదు. భార్య మేబెల్‌కు అయిదేళ్ళ వయసులో స్కార్లెట్ జ్వరంతో వినికిడి పోయింది. ఆయన తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ 1867లో 'విజిబుల్ స్పీచ్' అని ఒక లిపి ప్రచురించారు. నోట్లో నాలుక ఎక్కడ ఆనుతుంది, పెదవులు ఎలా ఉంటాయి, గొంతు మోగుతుందా లేదా అన్నది గుర్తులుగా చూపే లిపి అది. చెవితో పనిలేకుండా కంటితో చూసి ధ్వనిని పలకవచ్చన్నదే దాని మూలసూత్రం. అలాంటి ఇంట పుట్టిన గ్రాహం బెల్, బధిరులు బధిర పిల్లలకు ఉపాధ్యాయులుగా ఉండకూడదని గట్టిగా వాదించారు. 1891లో బధిర కళాశాల పక్షాన ఉపాధ్యాయ శిక్షణ తరగతి పెట్టబోతే వ్యతిరేకించారు. 1876లో ప్రపంచానికి టెలిఫోను ఇచ్చిన మనిషి అంతటివాడు కనుక ఆయన మాటకు బరువు ఎక్కువైంది. ఒక విషయంలో మేధావి అయినవారు మరో విషయంలో చెప్పింది కూడా వేదం కానక్కరలేదని మనలాంటి సాంకేతికులు గుర్తుంచుకోవలసిన సందర్భం ఇది.

మిలాన్ పొరపాటును ఒప్పుకోవడానికి 130 ఏళ్ళు పట్టింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి, వాటివల్ల జరిగిన నష్టానికి విచారం తెలిపింది.

నత్తి ఉన్నవారు నిలబెట్టిన శాస్త్రం

స్పీచ్ థెరపీ ఒక వృత్తిగా, విశ్వవిద్యాలయంలో చదివే శాస్త్రంగా రూపుదిద్దుకున్నది 20వ శతాబ్దం మొదటి సగంలో. అమెరికాలో ఆ వృత్తి సంఘం 1925లో ఏర్పడింది. ఆ తొలితరం మహామహుల్లో ఇద్దరి పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనైనా కనిపిస్తాయి: చార్లెస్ వాన్ రైపర్, వెండెల్ జాన్సన్. ఇద్దరికీ తీవ్రమైన నత్తి. తమ మాటే తమకు లొంగనివారు ఇతరుల మాటకు వైద్యం చేస్తామని బయలుదేరారు. ఇద్దరూ అయోవా విశ్వవిద్యాలయంలో చదివారు. వాన్ రైపర్ తరువాత మిషిగన్‌లో క్లినిక్ పెట్టి తరాల తరబడి విద్యార్థులను తయారుచేశారు. నత్తి మీద ఈనాటికీ నడుస్తున్న చికిత్సల్లో ఆయన ముద్ర ఉంది. నత్తి ఉన్నవారికి ప్రవేశం లేదని ఆనాడు ఎవరైనా నియమం పెట్టి ఉంటే ఆ శాస్త్రం ఎంత నష్టపోయేదో ఊహించుకోవచ్చు.

వినికిడి వైపు కూడా అలాంటి ఉదాహరణ ఉంది. అమెరికా ఆడియాలజిస్టు మార్క్ రాస్ యువకుడిగా సైన్యంలో ఉండగా వినికిడి కోల్పోయి, ముందు రోగిగా ఆస్పత్రికి వెళ్ళి, తరువాత అదే శాస్త్రం చదివి ఆచార్యుడయ్యారు. చెవి మిషను పెట్టుకున్నవాడికి తరగతి గదిలో ఏం వినపడుతుంది, ఏం వినపడదు అన్న విషయం మీద ఆయన రచనలకు విలువ రావడానికి ఆయన స్వయంగా చెవి మిషను పెట్టుకోవడం కూడా కారణమే.

మన దేశపు దారి

మన దేశంలో బధిర పాఠశాలలు 1880లలో బొంబాయిలోనూ, 1893లో కలకత్తాలోనూ మొదలయ్యాయి. మిలాన్ గాలి అప్పుడే వీచింది కనుక మన బడులు కూడా చాలావరకు నోటిమాట దారినే పట్టాయి. తరగతిలో చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలు హాస్టల్లో, ఆటస్థలంలో సంజ్ఞలతో లోకమంతా మాట్లాడుకునేవారు. ఆ సంజ్ఞలు కూడా ఒక భాషే, దానికీ వ్యాకరణం ఉందని 1970లలో పరిశోధన చేసి చూపిన బృందంలో మదన్ వశిష్ఠ ఉన్నారు. హిమాచల్ కొండల్లో పుట్టి, పదకొండేళ్ళకు వినికిడి పోయి, పొలం పనుల నుంచి అమెరికాలో డాక్టరేటు దాకా వెళ్ళిన బధిరుడాయన.

వాక్కు, వినికిడి చదువులకు మన దేశంలో పునాది 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థతో పడింది. 1983లో ముంబైలో మరో జాతీయ సంస్థ వచ్చింది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదీది: అలీ యావర్ జంగ్. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన పెద్దమనిషి. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఇంటర్ సైన్సు చదివిన పిల్లలు మూడేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్న డిగ్రీ చేసి ఈ వృత్తిలోకి వస్తారు. 1992 చట్టంతో ఏర్పడ్డ భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి.

2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో అది 3,000 పదాల నిఘంటువు తెచ్చింది, 2021 నాటికి 10,000 పదాలకు పెంచింది. అక్కడ సంజ్ఞా భాష బోధించే డిప్లొమా బధిరుల కోసమే ఉంది. అంటే మిలాన్‌లో మూసిన తలుపు మన దేశంలో ఒక వైపు తెరుచుకుంది. బధిరులు భాష నేర్పవచ్చునన్నది ప్రభుత్వమే ఒప్పుకుంది. మిగిలింది నోటిమాట సంగతి.

వర్ణమాల ఏం చెబుతోంది

నోటిమాట నేర్పడంలో చెవి చేసే పని ఎంత? దీనికి జవాబు మనం ఒకటో తరగతిలో బట్టీపట్టిన వర్ణమాలలోనే ఉంది.

క, చ, ట, త, ప. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. శబ్దం పుట్టే చోటు గొంతు దగ్గర మొదలై, అంగిలి మీదుగా, పళ్ళ దాకా వచ్చి, పెదవుల దగ్గర ముగుస్తుంది. ఇక ప్రతి వర్గంలో అయిదు అక్షరాలు తీసుకోండి. మొదటిది గొంతు మోగకుండా, రెండవది అదే ఊపిరి తోడై, మూడవది గొంతు మోగుతూ, నాలుగవది రెండూ కలిసి, అయిదవది ముక్కు నుంచి. మన పూర్వులు శిక్షాశాస్త్రంలో ధ్వనులను వర్గీకరించింది చెవికి ఎలా వినపడతాయన్న దాన్నిబట్టి కాదు, నోట్లో ఎలా పుడతాయన్న దాన్నిబట్టి. మెల్విల్ బెల్ లిపి కూడా ఇదే సూత్రం మీద నడిచింది.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి పడి, బడి, మడి అని గొంతు ఎత్తకుండా పెదవులతో మాత్రమే పలకండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. పెదవులు చూసి మాట పోల్చుకునేవారి కష్టం అది. మన బడి వాళ్ళకు మడి కావచ్చు. కాని అరచేయి గొంతు మీద పెట్టి పలికితే 'ప'కు చలనం లేదు, 'బ'కు ఉంది. ముక్కు పక్కన వేలు పెడితే 'మ' దగ్గర అదురుతుంది. నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుంటే 'ప' కంటే 'ఫ'కు ఎక్కువ ఊగుతుంది. ముక్కు కింద చిన్న అద్దం పెడితే అనునాసికానికి ఆవిరి పడుతుంది. బధిర పాఠశాలల ఉపాధ్యాయులు తరతరాలుగా వాడుతున్న పద్ధతులివి. ఇందులో ఏదీ గురువు చెవితో చేసే పని కాదు. చెయ్యి, కన్ను, ఓపిక చేసే పని.

అయితే నిజాయితీగా మరో వైపు కూడా చెప్పాలి. పిల్లవాడు 'ళ' పలికాడా, 'ల' దగ్గరే ఆగాడా, 'స' కాస్త పక్కకు జారిందా, గొంతులో బొంగురు ఎంత అన్న సూక్ష్మమైన తేడాలు పట్టడంలో శిక్షణ పొందిన చెవికి సాటి లేదు. ఏమాత్రం వినపడని మనిషి ఒంటరిగా కూర్చుని ఈ పరీక్ష చేసి నివేదిక రాయలేరు. ఈ మాట దాచిపెట్టి వాదిస్తే మన వాదమే బలహీనమవుతుంది.

అదే కొలబద్దతో చెవులున్నవారిని కూడా కొలవాలి మరి. తాండూరు కర్ణాటక సరిహద్దు. మన తరగతి గదుల్లో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు కూర్చున్నారు. లంబాడీ రాని థెరపిస్టుకు తండా బిడ్డ మాటలో ఏది తప్పు, ఏది ఆ భాష తీరు అన్నది ఎంత బాగా వినపడినా తెలియదు. ఆ క్షణానికి ఆమె కూడా వినలేనిదే. అయినా ఆమెను వృత్తికి పనికిరావని ఎవరూ అనరు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, తెలిసినవారిని అడిగి పని చేసుకుంటుంది. ఆ వెసులుబాటు ఒకరికి ఇచ్చి మరొకరికి ఎందుకు ఇవ్వకూడదు?

పైగా స్పీచ్ థెరపిస్టు పనంటే ఉచ్చారణ ఒక్కటే కాదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవారికి మళ్ళీ భాష అందించాలి. మింగడం కష్టమైన రోగికి ఎక్స్‌రే వీడియో చూసి ఏం తినిపించాలో చెప్పాలి. నోట మాట రాని పిల్లలకు బొమ్మల పలకలు, సంజ్ఞలు నేర్పాలి. మా బిడ్డకు చెవుడు అని అప్పుడే తెలిసి కుంగిపోయిన తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఈ చివరి పనికి, తానూ చెవి మిషను పెట్టుకుని చదువుకుని ఉద్యోగం చేస్తున్న మనిషి ఎదురుగా కూర్చుంటే చాలు. సగం ధైర్యం అక్కడే వస్తుంది.

యంత్రం ఎంతవరకు

1940లలో అమెరికాలోని బెల్ లాబ్స్ ఇంజనీర్లు మాటను బొమ్మగా గీసే యంత్రం చేశారు. దానిని స్పెక్ట్రోగ్రాఫ్ అంటారు. అడ్డంగా కాలం, నిలువుగా ధ్వని పౌనఃపున్యం, నలుపు ఎంత చిక్కగా ఉంటే అంత శక్తి. 1947లో వచ్చిన వారి పుస్తకం పేరు కూడా 'విజిబుల్ స్పీచ్'. ఎనభై ఏళ్ళ కిందట బెల్ తండ్రి పెట్టిన పేరే. బధిరులు కంటితో మాటను చదవగలరా అన్నది ఆ పరిశోధన ఉద్దేశాల్లో ఒకటి. ఆ రోజుల్లో అది పెద్ద పరికరం. ఈ రోజు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన 'ప్రాట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు లాప్‌టాప్‌లో అదే పని చేస్తుంది. 'ప'కూ 'బ'కూ మధ్య గొంతు ఎప్పుడు మోగడం మొదలైందో సెకనులో వెయ్యో వంతు దాకా చూపుతుంది. పంపుసెట్టు బేరింగు పోయిందా అని మన మెకానిక్కు చెవి ఆనించి చెబుతాడు. ఫ్యాక్టరీలో అదే పని కంపన మాపకం చేస్తుంది. మెకానిక్కు విద్య తక్కువని కాదు, రెండు దారులూ ఉన్నాయని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మాట వినగానే తెలుగు అక్షరాల్లో చూపే సౌకర్యం ఇప్పుడు ప్రతి ఫోనులో ఉంది. వినపడని వారికి సమావేశాల్లో, పాఠాల్లో అది వరమే. కాని థెరపీ పరీక్షకు దాన్ని నమ్మరాదు. ఆ యంత్రానికి తప్పును సరిదిద్దే అలవాటు. పిల్లవాడు 'తిలక' అన్నా దగ్గరి మాట వెతికి 'చిలుక' అని అచ్చువేసే ప్రమాదం ఉంది. థెరపిస్టుకు కావలసింది పిల్లవాడు చేసిన తప్పు, యంత్రం చేసిన ఒప్పు కాదు. ఏ పనికి ఏ పరికరమో తెలియడమే నైపుణ్యం.

న్యాయస్థానాల మాట

1979లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. వినికిడి లోపమున్న మహిళ నర్సింగ్ కోర్సులో చేరబోతే కళాశాల నిరాకరించింది. కోర్టు ఏకగ్రీవంగా కళాశాల వైపే తీర్పు చెప్పింది. 2013లో అదే దేశంలో మైకేల్ అర్జెన్యీ అనే బధిర వైద్య విద్యార్థి, పాఠాలు తెరమీద అక్షరాలుగా చూపే ఏర్పాటు, దుబాసీ కావాలని కోరితే ఇవ్వలేదని వేసిన దావాలో జ్యూరీ అతని వైపు నిలిచింది. ఈ 34 ఏళ్ళలో చెవులు మారలేదు, చట్టమూ సాంకేతికతా మారాయి.

మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 'తగిన వెసులుబాటు' ఇవ్వడం బాధ్యత అంది. ఆ చట్టం ప్రకారం రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవారు. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో సంజ్ఞా భాషలో సుప్రీంకోర్టులో వాదించారు. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. మాట, భాషా లోపం 40 శాతం దాటిందన్న అంకె ఒక్కటే చూసి ఎం.బి.బి.ఎస్. సీటు నిరాకరించరాదని, ఆ అభ్యర్థి చదువు సాగించగలడా లేదా అని వైద్య మండలి పరిశీలించి చెప్పాలని కోర్టు అంది. ఆ తరువాత 2025 మార్చిలో చూపు లేనివారు న్యాయమూర్తులు కావచ్చని కూడా తేల్చింది. అంకె చూసి కాదు, మనిషినీ పనినీ పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించాలన్నది ఈ తీర్పుల సారాంశం. మిలాన్ సభ చేయనిది సరిగ్గా ఇదే.

మన ముందున్న అర్జీ

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన సంఘం ఉపకార వేతనానికి వచ్చిన అర్జీల్లో ఒకటి మన బడిలోనే చదివి ఇంటర్ పూర్తిచేసిన ఒక అమ్మాయిది. రెండు చెవులకూ మిషన్లు. స్పీచ్ థెరపీ డిగ్రీ చదువుతానంటోంది. కమిటీలో అభిప్రాయాలు రెండుగా చీలాయి. డబ్బు వృథా అవుతుందేమో, వేరే కోర్సు చూసుకోమని చెబుదామా అన్నవారు ఉన్నారు. వారిది కఠినత్వం కాదు, ఆ పిల్ల రేపు ఉద్యోగం దొరక్క బాధపడకూడదన్న ఆదుర్దా. నిర్ణయం ఇంకా కాలేదు. నా అభిప్రాయం మాత్రం ఈ చరిత్ర చదివాక గట్టిపడింది: ఇవ్వాలి.

ఇచ్చి ఊరుకోవడం కూడా సరిపోదు. మూడు పనులు మనం చేయగలం. మొదటిది, చేరేముందే ఆమె చెవి మిషన్లతో నిశ్శబ్దంలో, గోలలో ఎంత మాట అందుతోందో మంచి ఆడియాలజిస్టుతో పరీక్ష చేయించాలి. ఏ పనులు తానే చేయగలదు, ఏవి పరికరంతో, ఏవి తోటి థెరపిస్టు చెవి సాయంతో చేయాలి అన్నది ఆమె చేతిలో కాగితం మీద ఉండాలి. రెండవది, అధ్యాపకుడి మెడలో మైకు, మాట నేరుగా ఆమె చెవి మిషనులోకి వెళ్ళే పరికరం ఒకటి కొనివ్వాలి. మూడవది, చదువయ్యాక ఇక్కడికే వచ్చి పనిచేసే అవకాశం చూడాలి. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. పుట్టిన పిల్లల లోపాలను ముందే గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, అధికారులున్నారు, రాళ్ళ యూనిట్ల యజమానులున్నారు.

యజమానులైన మిత్రులకు ఇంకొక్క మాట. మీ కార్మికుల చెవులకు ఒక జత రక్షణ కవచాలు కొనడానికి అయ్యే ఖర్చు ఒక పాలిష్ బండ ఖరీదు పాటి ఉండదు. ఈ ఏడాది అవి కొనిపెట్టి, ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించండి.

ఉపాధ్యాయులైన గురువులకు మనవి. వెనక బెంచీలో ఊరికే నవ్వుతూ తలాడించే పిల్లను ముందు వరుసలోకి పిలవండి. బోర్డు వైపు తిరిగి కాకుండా ఆమె వైపు తిరిగి పాఠం చెప్పండి. ఆ పిల్లకు పాఠం అందుతుంది. రేపు ఆమె ఎవరికి ఏం నేర్పుతుందో ఇప్పుడే మనం తేల్చనక్కరలేదు.